పువ్వు నిలిచే చెవి

అకాయితి కుడి చెవిని పాస్టరు గారి కుక్క కొరుక్కుపోయింది. ఏ ఊరకుక్కో కొరికి ఉంటే నాలుగు తిట్లు తిట్టి, కేసు పెట్టి కడుపుమంట చల్లార్చుకునేవాళ్ళు. పాస్టరు గారి కుక్క అయ్యేసరికి ఆక్లండ్‌లోని మాంగరె పేటలో ఉన్న కుక్ దీవులవాళ్ళందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు. పైగా ఆ కుక్క పేరు పేతురు. బైబిల్లోని పేతురు ఒకప్పుడు తోటలో ఎవడిదో కుడి చెవి తెగనరికాడన్న సంగతి ఆదివారం బడి పిల్లలకి కూడా తెలుసు. వారం రోజులు ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ తరవాతి ఆదివారం పాస్టరు గారు కళ్ళు మూసుకుని, "పేతురు చేసిన పనిని క్షమించు తండ్రీ" అనగానే వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకేముంది, చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది అకాయితే. నవ్వితే కట్టు కింద కుట్లు లాగుతున్నాయి, అయినా ఆపుకోలేకపోయింది.

నవ్వు అయిపోయింది గాని చెవి తిరిగి రాలేదు. వినికిడికి లోటు లేదు, జుట్టు దించుకుంటే ఎవరికీ కనపడదు కూడా. అకాయితికొచ్చిన కష్టం వేరే. పువ్వు.

మనవాళ్ళు చెవిలో పువ్వు పెట్టారంటే ఎదుటివాణ్ణి వెర్రివాణ్ణి చేశారని అర్థం. ఆ దీవుల ఆడవాళ్ళు చెవి వెనక పువ్వు పెట్టుకున్నారంటే నిజం చెప్తున్నారని అర్థం. ఎడమ చెవికి ఉంటే ఈ మనసులో మనిషి ఉన్నాడని, కుడి చెవికి ఉంటే చోటు ఖాళీగా ఉందని. "అవన్నీ టూరిస్టులకి చెప్పే కబుర్లు అత్తా" అంటుంది మేనకోడలు ఇనంగారో. ఇనంగారో ఆక్లండ్‌లో పుట్టింది, ఎయిర్‌పోర్టులో సామాన్లు తూచే ఉద్యోగం చేస్తుంది, ఆమెకి తూకం మీద తప్ప దేనిమీదా నమ్మకం లేదు. అకాయితి కుక్ దీవుల్లో ఒకటైన అతియులో పుట్టింది. ఆమె తరం ఆడవాళ్ళు చర్చి హాల్లోకి అడుగుపెడుతూనే ఎవరికి ఏ వైపు పువ్వుందో ఒక్క చూపులో చూసేస్తారు. తిండి ఎక్కడుందో చూసేది ఆ తరవాతే.

భర్త రోంగో పోయిన కొత్తలో ఆమె పువ్వే పెట్టుకోలేదు. దుఃఖం కాస్త తెరిపినపడి, మళ్ళీ పెట్టుకుందామనుకునే వేళకి కుక్క వచ్చిపడింది. మిగిలింది ఎడమ చెవి. డాన్సు ఉన్న రోజున పువ్వు లేకుండా హాలుకి వెళ్ళడమంటే పెళ్ళికి నైటీతో వెళ్ళినట్టు. అందుకని ఎడమ చెవికే గంధరాజం పెట్టుకుని వెళ్ళేది. చూసినవాళ్ళేమనుకోవాలి? మనిషి ఉన్నాడనే కదా.

మనిషి లేడు. ఉంటే బాగుండుననుకున్న మనిషి మాత్రం ఉన్నాడు. అతని పేరు మారా.

మారా, రోంగో ఒకే పడవలో చేపలు పట్టిన స్నేహితులు. మారా సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు, భార్య పోయి చాలాకాలమైంది. చర్చి పాటల్లో అందరికంటే కింద పలికే మంద్రం గొంతు అతనిదే. పాటలో ఉన్న ధైర్యంలో పదోవంతు మాటలో ఉండి ఉంటే ఈ కథే లేదు. డాన్సు ఉండే శనివారం వచ్చిందంటే గోనెసంచిలో చామదుంపలు తెచ్చి అకాయితి గుమ్మం ముందు దించేవాడు. "ఈసారి దుంపలు చిన్నవి వదినా" అనేవాడు. తలకాయంత దుంపలు తెచ్చినా చిన్నవనే అనేవాడు. ఆ తరవాత అతని చూపు ఆమె ఎడమ చెవి మీది పువ్వు దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయేది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. రోంగో ఇంకా ఆమె మనసులో ఉన్నాడని అతని లెక్క. ఉన్నాడు, ఎందుకుండడు? అంతమాత్రాన పక్కన ఇంకొకరికి చోటు లేదని ఎవరన్నారు?

ఇది ఇలా ఉండగా మారా అతియులో ఉన్న తన పాత ఇంటికి కొత్త కప్పు వేయించడం మొదలుపెట్టాడు. రేకులు చేరి కప్పు పడగానే ఇక్కడ సామాను సర్దుకుని వెళ్ళిపోతానన్నాడు. రేకులు వెళ్ళాల్సింది ఓడలో. ఆ దీవులకి వెళ్ళే ఓడ సంగతి తెలిసినవాళ్ళెవరూ దాని పేరు మీద తారీకు చెప్పరు. ఒకసారి ఇంజను పోయింది, ఒకసారి కెప్టెన్ అలిగాడు, ఒకసారి రేకులు దించకుండానే తిరిగొచ్చేసింది. ఆ ఓడని దేవుడు తన కోసమే పాడుచేస్తున్నాడని అకాయితి గట్టిగా నమ్మింది.

"నోటితో చెప్పెయ్ అత్తా, పీడా పోతుంది" అంది ఇనంగారో.

"నోటితో చెప్పడానికి నేనేమన్నా తెల్లదాన్నా?"

"పోనీ కుడివైపు జుట్టులో పిన్నుతో గుచ్చుకో."

"పిన్నుతో గుచ్చుకుంటే అది సింగారమే. చెవికి పెట్టుకుంటేనే అది మాట."

ఆస్పత్రివాళ్ళు మొదట ఒక రబ్బరు చెవి ఇచ్చారు, జిగురుతో అంటించుకునేది. చూడ్డానికి ముద్దొచ్చేది. ఈస్టరు విందు రోజున దానికి గంధరాజం పెట్టుకుని, మారా కూర్చున్న బల్లవైపు నాలుగడుగులు వేసింది. దారిలో బీట్‌రూట్ కలిపిన బంగాళాదుంప సలాడ్ గిన్నె మీదికి వంగిందో లేదో, పువ్వూ చెవీ కలిసి అందులో పడ్డాయి. గులాబిరంగు సలాడ్‌లో గులాబిరంగు చెవి ఎక్కడని వెతుకుతారు? చివరికది పాస్టరు గారి ప్లేట్లో దొరికింది. కుక్క చేసినదానికి యజమానికి తగిన శాస్తి జరిగిందని అందరూ సంతోషించారు గాని, అకాయితి ఆ రోజు విందు మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయింది.

అందుకే ఇనంగారో వెతికి వెతికి ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టర్ బ్రాన్‌వెన్ అనే ఆవిడ కొత్తరకం చెవులు కడుతోంది. పక్కటెముక దగ్గర మెత్తటి ఎముక కోసి చెవి చెక్కడం పాత పద్ధతి. ఈవిడ పద్ధతిలో ముందు చెవి ఆకారంలో ఒక జాలీ చట్రం తయారు చేస్తారు, ఒంట్లో మెల్లగా కరిగిపోయే ప్లాస్టిక్‌తో. దాన్ని చర్మం కింద పెడితే ఆ జాలీ కన్నాల్లో మనిషి సొంత కణాలు కాపురం పెట్టి మెత్తటి ఎముకని పెంచుతాయి. గోడ లేచాక పరంజా విప్పేసినట్టు, కొన్నేళ్ళకి చట్రం కరిగిపోయి చెవి మిగులుతుంది.

ఆ చట్రాలని పరీక్ష చేసే ఇంజనీరు డూగల్. దక్షిణాన ఇన్వర్‌కార్గిల్‌లో గొర్రెల మందల మధ్య పెరిగినవాడు, ఎర్ర గడ్డం, ఎవరేం చెప్పినా నమ్మే ముఖం. "ఈ ఆస్పత్రిలో అందరూ బాగుచేసేవాళ్ళేనండీ, విరగ్గొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే" అని గర్వంగా పరిచయం చేసుకున్నాడు. చట్రాన్ని వంచడం, నొక్కడం, లాగడం, ఎంత బలానికి ఎంత వంగి ఎంత తిరిగొచ్చిందో కొలవడం అతని పని.

"ఈ చెవి మీకు ఏం చేసిపెట్టాలి?" అనడిగాడు. వచ్చినవాళ్ళందర్నీ అడిగే ప్రశ్నే. కళ్ళజోడు నిలవాలంటారు కొందరు, అందంగా ఉంటే చాలంటారు కొందరు.

"గంధరాజం పువ్వు నిలవాలి" అంది అకాయితి.

డూగల్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఇంత సరైన కోరిక అతన్ని ఇంతవరకు ఎవరూ కోరలేదు. "నిలబడి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా?"

"డాన్సు చేస్తున్నప్పుడు."

"ఎలాంటి డాన్సండీ?"

"మామూలు డాన్సే నాయనా. గట్టిగా."

"గట్టిగా అంటే?"

"ఇరవయ్యేళ్ళప్పుడు చేసినంత గట్టిగా. పాట అయ్యేదాకా పడకూడదు, అంతే."

ఆ 'గట్టిగా' అన్న ఒక్క మాట ఇద్దర్నీ ఎన్ని తిప్పలు పెట్టిందో చెప్పనలవి కాదు. డూగల్‌కి తెలిసిన డాన్సు ఒక్కటే. వాళ్ళ ఊరి బారులో గిటార్లు చెవులు పగిలేలా మోగుతుంటే కుర్రాళ్ళు జుట్టు ముందుకీ వెనక్కీ విసురుతూ తలలు ఊపుకునే డాన్సు. మర్నాడు మెడ పట్టేస్తుంది. ఆ లెక్కనే అతను ల్యాబులో ఒక రబ్బరు తల తయారు చేశాడు. దానికి బెరిల్ అని పేరు పెట్టి, కుదిపే యంత్రానికి బిగించి, కుడివైపు చట్రం చెవి అమర్చాడు.

గురువారం గురువారం అకాయితి పూలు తెచ్చేది. ఆక్లండ్ చలికి గంధరాజం బతకదు, ఇంట్లో వేణ్ణీళ్ళ ట్యాంకు పక్కన కుండీలో పెట్టి పసిబిడ్డలా సాకేది. పువ్వుని బెరిల్ చెవి వెనక పెట్టేది, డూగల్ మీట నొక్కేవాడు, బెరిల్ పూనకం వచ్చినట్టు ఊగేది, పువ్వు ఎగిరి గోడకి తగిలేది. ఒకసారి ల్యాబు చూడ్డానికొచ్చిన ప్రొఫెసర్ గారి టీ కప్పులో పడింది. అకాయితి ల్యాబు బిస్కెట్లు తింటూ చూసి, "ఇంకా గట్టిగా చెయ్యి నాయనా" అనేది. పువ్వు గట్టిగా నిలిచేలా చెయ్యమని ఆవిడ ఉద్దేశం. చెవినే గట్టిగా చెయ్యమన్నదనుకుని డూగల్ ఇంకాస్త మందం ఊచలు పెట్టి కొత్త చెవి తయారు చేసేవాడు. తల అలా ఎందుకు ఊగుతోందో ఆవిడ అడగలేదు. చదువుకున్నవాళ్ళ పరీక్ష కదా, పద్ధతి అదేనేమో అనుకుంది. డాన్సు అలాగే ఉంటుందా అని అతను అడగలేదు. ముసలావిడ స్వయంగా పక్కన కూర్చుని చూస్తోంది కదా అనుకున్నాడు.

ఆఖరికి ఒక గురువారం బెరిల్ మెడ బోల్టు ఊడి తలకాయ కింద దొర్లింది గాని చెవి వెనక పువ్వు చెక్కు చెదరలేదు. ఇద్దరూ కావలించుకున్నారు. ఆ చెవిని పట్టుకుని ఇద్దరూ కలిసి డాక్టర్ బ్రాన్‌వెన్ గదికి వెళ్ళారు.

ఆవిడ దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి వంచింది. వంగలేదు. రెండు చేతులతో వంచింది. ఊహూ.

"ఇది చెవి కాదు డూగల్, తలుపు గొళ్ళెం."

"పువ్వు నిలిచింది డాక్టర్."

"పువ్వు నిలుస్తుందయ్యా. చర్మం నిలవదు." ఆవిడ అకాయితి వైపు తిరిగింది. "చూడండమ్మా, మరీ మెత్తగా చేశామనుకోండి, గాయం మానేటప్పుడు చర్మం బిగుసుకుని చెవిని అప్పడంలా నలిపేస్తుంది. ఇంత గట్టిగా చేశామనుకోండి, దిండుకి ఆనినప్పుడల్లా ఇదే లోపల్నుంచి చర్మాన్ని అరగదీసి బయటికొచ్చేస్తుంది. అసలే అక్కడ మీ చర్మం పలచన. మీ ఎడమ చెవి ఎంత మెత్తగా ఉందో ఇదీ అంతే ఉండాలి. అంతకు మించి నేను పెట్టను."

"అంత మెత్తటిది పెడితే బెరిల్‌కి పువ్వు నిలవలేదు" అన్నాడు డూగల్ నేలచూపులు చూస్తూ.

"అయితే పువ్వు లేకుండా పెట్టుకోవాలి. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కళ్ళజోడు నిలుస్తుంది."

"నాకు కళ్ళజోడు లేదమ్మా" అంది అకాయితి.

డాక్టరు చెప్పింది అబద్ధం కాదని ఆమెకి తెలుసు. జీవితమంతా బట్ట మీద బట్ట ఆకులూ పూలూ కత్తిరించి కుట్టే దుప్పట్లు కుట్టిన మనిషి, గట్టి అంచు మీద బిగించిన బట్ట ముందు ఎక్కడ చిరుగుతుందో ఆమెకి ఒకరు చెప్పాలా? బస్సులో ఇంటికి వస్తూ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఆ వారమే ఓడ ఇంజను బాగైందని కబురొచ్చింది. ఆ శనివారం మారా దుంపలు తెచ్చి, చిన్నవని చెప్పి, రేకులు ఓడకెక్కాయని కూడా చెప్పాడు. అకాయితి సంతోషం అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాలుగు రోజులకి డూగల్ ఆమె ఇంటికి వచ్చాడు. చేతిలో బిస్కెట్టంత పెట్టె ఒకటి, ఒక పట్టీ ఉన్నాయి.

"ఇది తలకి కట్టుకుంటే కుదుపు ఎంతో కొలుస్తుందండీ. ఇన్నాళ్ళూ నేను ఊహించుకుని బెరిల్‌ని కుదిపాను. నిజంగా ఎంతో తెలిస్తే, ఏమో, కొంచెం తగ్గించొచ్చేమో. డాక్టర్‌గారి కాళ్ళు పట్టుకుంటాను."

"హాలుకి రా. ఇవాళ ప్రాక్టీసు ఉంది" అంది ఆవిడ. ఆశపడి కాదు, పిల్లవాడి ముఖం చూళ్ళేక.

హాల్లో ఒక పక్క పేటంతా పిన్ని అని పిలిచే మిరియామా, ఆవిడ జట్టు ఆడవాళ్ళు మారాకి వీడ్కోలు కానుకగా పెద్ద దుప్పటి కుడుతున్నారు. ఇంకో పక్క డప్పులవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. డూగల్ డాన్సుకి దిగిన ఇనంగారో తలకి పట్టీ కట్టి ఫోను చూస్తూ కూర్చున్నాడు. డప్పులు మొదలయ్యాయి. హాలు నేల అదిరింది. ఫోనులో గీత మాత్రం చచ్చినవాడి గుండె గీతలా తిన్నగా పోతోంది.

"బ్యాటరీ పోయినట్టుంది" అని బ్యాటరీ మార్చాడు. మళ్ళీ అంతే. దాన్ని విప్పి అకాయితి తలకి కట్టాడు. మోకాళ్ళు అరిగాయని రోజూ మూలిగే మనిషికి, డప్పు వినేసరికి నొప్పులన్నీ ఎటో పారిపోయాయి. పాట మొత్తం చేసింది. గీత కదల్లేదు.

"యంత్రం పాడైందండీ" అన్నాడు డూగల్ దిగులుగా.

మిరియామా పిన్ని సూది దుప్పటికి గుచ్చి తలెత్తింది. ఆవిడ ఇద్దరు మనుషులంత ఉంటుంది, నోరు ముగ్గురంత. "యంత్రానికేం రోగం? నువ్వు కట్టిన చోటు తప్పు. నడుముకి కట్టి చూడు."

నడుముకి కట్టారు. డప్పు మోగింది. గీత ఫోను దాటి బయటికి పోయేటట్టు ఎగిరింది. డూగల్ గడ్డం ఏదో ముఖం ఏదో తెలియనంత ఎర్రబడ్డాడు.

"మరి తల... తల కదలదా?"

"తలెందుకు కదుల్తుంది?" అంది అకాయితి. "తాగినవాడి తల కదుల్తుంది. చిన్నప్పుడు మా అమ్మ నెత్తిమీద కొబ్బరిచిప్పలో నీళ్ళు పెట్టి నేర్పింది. చుక్క ఒలికితే పిక్కల మీద బెత్తం పడేది."

"గట్టిగా చేస్తానన్నారు కదండీ!"

"నడుము సంగతి చెప్పానయ్యా. నువ్వడిగింది తల సంగతని నాకేం తెలుసు?"

"మరి బెరిల్‌ని అలా కుదుపుతుంటే అన్ని వారాలు చూస్తూ ఊరుకున్నారే?"

"అదేదో మీ చదువుల్లో పద్ధతనుకున్నా."

"నేను అది మీ డాన్సనుకున్నా."

కుట్టుపని జట్టు మొత్తం దుప్పటి మీద పడి నవ్వుతోంది. సూదులు జాగ్రత్త అని ఎవరో అరుస్తున్నారు.

డూగల్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తల కదలకపోతే పువ్వుని పట్టుకోవడానికి పెద్ద బలమే అక్కర్లేదు. ఎడమ చెవంత మెత్తటి చెవి చాలు, వెనక గాడి కాస్త లోతుగా ఉంటే సరి. యంత్రం నిజంగా బతికే ఉందా అన్న అనుమానం ఇంకా పోక, పట్టీ తన తలకే కట్టుకుని లేచాడు. వెళ్ళొస్తానన్నాడు. మిరియామా పిన్ని ఊరికే పంపే మనిషి కాదు. రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, చెంపకి చెంప వేసి కొట్టి ముద్దు పెట్టింది. ఆవిడ వెనక మిగతా పిన్నులు వరసకట్టారు. బయటికొచ్చి ఫోను చూసుకుంటే గీత ఆకాశాన్ని అంటుతోంది, ఒక్కో పిన్నికి ఒక్కో శిఖరం.

మర్నాడు పొద్దున్నే డాక్టర్ బ్రాన్‌వెన్ గదిలోకి పరిగెత్తాడు. "డాక్టర్, ఆవిడ చెవికి ముప్పు డాన్సు వల్ల కాదు. పిన్నుల వల్ల. ప్రతి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర పక్కనుంచి వచ్చి పడతారు. గట్టి చెవి అయితే మొదటి వారమే చర్మం చీలుతుంది. మెత్తగా వంగాలి, వదలగానే మళ్ళీ లేవాలి."

"నేను మొదట్నించీ అంటున్నది అదే కదయ్యా" అందావిడ.

ఆ తరవాత బెరిల్‌ని కుదపడం మానేసి, పక్కనుంచి ఇసుకసంచితో మోదడం మొదలుపెట్టాడు. ఇసుకసంచికి మిరియామా అని పేరు. అది తెలిసి పిన్ని స్వయంగా ల్యాబుకి వచ్చి, సంచి బరువు చాలదని కోప్పడి, ఇంకొంచెం ఇసుక పోయించి వెళ్ళింది.

ఆపరేషన్ అయింది. కట్లు విప్పారు. మొదట్లో అది ఉడికించిన రొయ్యలా ఎర్రగా వాచి ఉండేది, పోనుపోను రంగు కుదిరింది. రోజూ అద్దం ముందు వేలితో మెల్లగా ముందుకి వంచి వెనక గాడి తుడుచుకోవాలని డూగల్ నేర్పాడు. వంచితే వంగేది, వదిలితే తన చోటికి తాను వచ్చేది. అకాయితి అలా వంచి వదులుతూ ఎంతసేపైనా కూర్చునేది. డాక్టరు సరేననేదాకా పువ్వు మాత్రం పెట్టుకోలేదు, రెండు వైపులా. మారా వచ్చి దుంపలు దించి, బోసి చెవులు చూసి, ఏం అర్థం చేసుకోవాలో తెలియక మరింత త్వరగా వెళ్ళిపోయేవాడు. ఓడ పెద్ద దీవి దాకా వెళ్ళి, అక్కడ మూడు నెలలు బద్ధకించి, ఎట్టకేలకు అతియుకి రేకులు దించింది.

కప్పు పడింది. మారాకి మంగళవారం విమానం. శనివారం మధ్యాహ్నం హాల్లో వీడ్కోలు విందు. ఆ శుక్రవారమే డాక్టర్ బ్రాన్‌వెన్ చెవిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక మీ ఇష్టం" అంది.

అకాయితి కుండీలో పూసిన వాటిలో మంచి గంధరాజం కోసి కుడి చెవికి పెట్టుకుంది. హాల్లో అడుగు పెట్టగానే మాటలు తగ్గి, ఆడవాళ్ళు ఒకరి చెవులు ఒకరు కొరుక్కోవడం మొదలైంది. గుమ్మం దగ్గర మిరియామా పిన్ని చెంపకి చెంప వేసి మోదింది. చెవి వంగింది, లేచింది. పువ్వు నిలిచింది. డూగల్ గోడవార గులాబి సలాడ్ ప్లేటు పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ప్రార్థన అయింది, తిండి అయింది, దుప్పటి తెచ్చి మారా భుజాల చుట్టూ కప్పారు. డప్పులు మోగాయి. అకాయితి డాన్సు చేసింది. నడుము ఇరవయ్యేళ్ళది, తల నిండుకుండ. పాట అయ్యేదాకా పువ్వు పడలేదు. గోడవార డూగల్ ముక్కు చీదుకున్నాడు.

పాట అయ్యాక మారా లేచి వచ్చాడు. దుప్పటి భుజాల మీదే ఉంది, టోపీ చేతిలో నలుగుతోంది.

"వదినా, నా పెరట్లో మిగిలిన దుంపలన్నీ నీకే వదిలేశాను" అన్నాడు. "చిన్నవే."

"అలాగే" అంది ఆమె.

అప్పుడతని చూపు కుడివైపు వెళ్ళింది. పువ్వు చూశాడు. మళ్ళీ చూశాడు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి, పచ్చ లైటు పడింది, కదలడు. వెనక్కి ఒక అడుగు పడబోయింది. ఆ అడుగు పడితే ఇంకో అడుగు పడుతుంది, ఆ తరవాత మంగళవారం వస్తుంది. ఇన్నాళ్ళు నిలబెట్టిన పువ్వు ఇలా నిలబడే ఉంటే తన బతుకు కూడా ఇక్కడే నిలబడిపోతుందని అకాయితికి భయమేసింది.

జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యెత్తింది. డూగల్ నేర్పినట్టే, కొత్త చెవి వెనక వేలు పెట్టి మెల్లగా ముందుకి వంచింది. వంగింది. పువ్వు జారి మారా కాళ్ళ దగ్గర పడింది. వేలు తియ్యగానే చెవి ఏమీ ఎరగనట్టు తన చోటికి వచ్చేసింది.

"పడిపోయింది" అని గోడవార నుంచి ఒక కేక. డూగల్ ప్లేటు వదిలేసి హాలుకి అడ్డంపడి వస్తున్నాడు. "క్షమించండి, తప్పు నాదే, గాడి లోతు చాల్లేదు, సోమవారం ల్యాబుకి రండి, ఎంత బలానికి పడిందో..." మిరియామా పిన్ని అతన్ని చొక్కా కాలరు పట్టుకుని ఆపి కుర్చీలో కూలేసింది. "కూర్చుని తిను. నోరు మూసుకుని తిను."

మారా వంగాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పువ్వు తీసి దుమ్ము ఊదాడు. ఆమె కుడి చెవి వైపు చూశాడు, ఎడమ చెవి వైపు చూశాడు. డప్పులవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాచిన పెద్ద చెయ్యి కుడి చెవిని దాటుకుని వెళ్ళి, ఆ పువ్వుని ఎడమ చెవి వెనక పెట్టింది.

"అకాయితీ" అన్నాడు. వదినా అనలేదు. "ఆ ఇంటికి కప్పు బాగానే పడింది. వంటిల్లే కొంచెం చిన్నది."

"ఎంత పెద్దదైనా నువ్వు చిన్నదనే అంటావు" అంది ఆమె. ఆ మాట అంటూనే కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

హాలంతా ఒక్కసారి గోల. పాస్టరు గారు చప్పట్లు కొట్టారు, బయట కట్టేసిన పేతురు మొరిగింది. ఆ గోలలో డూగల్ ఎలాగో పిన్ని చేతిలోంచి తప్పించుకుని అకాయితి దగ్గరికి వచ్చాడు. పాపం, ముఖం వేలాడిపోయింది.

"ఒక్కసారి మళ్ళీ కుడివైపు పెట్టి చూడండి. నిలుస్తుంది, ఒట్టు. కొత్త చెవి ఉండగా పువ్వు పాత చెవికెందుకండీ?"

అకాయితి అతని గడ్డం పట్టుకుని చెంపకి చెంప వేసింది, పిన్నులు వేసినంత గట్టిగా.

"దాని పని అయిపోయింది నాయనా" అంది. "బాగా చేసింది."